చెఱువూ సంతానమే

జ్యేష్ఠమాసపు తీవ్రాతపంలో హనుమకొండకు చెందిన ఒక గృహస్థు బంధుమిత్రసమేతంగా పాలంపేట చేరి, రామప్ప చెఱువుగట్టున ఉన్న కాటేజీలో ఒక దినం గడిపాడు. ప్రాతఃకాలాన రుద్రేశ్వర దర్శనం, మధ్యాహ్నం పులిహోర, దద్ధోజనం, మామిడిపండ్లు. పిల్లల అల్లరి చెప్పనక్కరలేదు.

భోజనానంతరం ఒక వృద్ధ బంధువు, వివాహమై పన్నెండేళ్ళయిన మిత్రపత్నిని, "ఇంకా ఏమీ లేదా తల్లీ?" అని అడిగింది. ఆ ఇల్లాలు లేచి, నీటివైపు చూస్తూ నిలుచుంది. సభ మూగపోయింది.

గృహస్థుని మేనమామ వేదపండితుడు. ఆయన వృద్ధురాలిని మందలించలేదు. "అమ్మా, ఈ చెఱువూ ఆ ఆలయమూ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రునివని ప్రసిద్ధి. ఆలయశాసనం 1213 నాటిది. ఆయనకు బిడ్డలెందరో ఇక్కడ ఎవరైనా చెప్పగలరా?" అన్నాడు. ఎవరూ పలుకలేదు. "తటాకం, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం, కావ్యం, పుత్రుడు: ఇవి సప్తసంతానాలు. పుత్రుడు ఏడింటిలో ఒకడు."

(ఈ మాటను విరాళాల కోసం వాడేవారే లోకంలో అధికం.) దుఃఖం తీరుతుందని మాత్రం ఆయన అనలేదు, అది ఉచితం.

"చెఱువు త్రవ్వించే స్తోమత మాకెక్కడిది, బాబాయిగారూ?"

"పూడిక తీయించినా పూర్తధర్మమే. జీర్ణోద్ధరణకు శాస్త్రంలో గౌరవం తక్కువేమీ కాదు."

భర్తకు తన ఊరి కుంట స్ఫురించింది. అది పూడిపోయి చాలాకాలమైందట. ఎన్ని ట్రాక్టర్ల మట్టి తీయాలి, దానిని ఎవరి పొలాలకు తోలాలి అన్న లెక్క సాయంసంధ్య వరకు సాగింది. నడుమ వృద్ధురాలు మామిడిముక్కల పళ్ళెం తెచ్చి, ఏమీ అనకుండా ఆమె ప్రక్కనే కూర్చుంది.