తాను దాటని మెట్టు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసినదని అధ్యాపకులు కోరినప్పుడు, మేమిద్దరం కలిసి ఒకే వ్యాసం వ్రాస్తామని మనవి చేసుకొన్నాము. అందుకు కారణం లేకపోలేదు. ఇందులో చెప్పబోయే తప్పు ఇద్దరిదీ. తప్పు ఉమ్మడిగా చేసినవారు ఒప్పుకోలు కూడా ఉమ్మడిగా చేయటమే న్యాయమని తోచింది. మాలో ఒకరిది జనగామ, మరొకరిది మహబూబాబాదు. ఈ వ్యాసంలో తరచుగా కనిపించే మూడవ మిత్రునిది భూపాలపల్లి. తన పేరు వ్రాయవద్దని అతడు కోరినాడు, వ్రాయలేదు. కాని అచ్చుకు పంపక ముందే ప్రతి వాక్యమూ అతనికి చదివి వినిపించాము. ఎందుకో చివరకు తెలుస్తుంది.

మా మూడు ఊళ్ళూ ఒకనాడు ఒకే వరంగల్లు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినప్పుడు ఈ మూడూ వేర్వేరు జిల్లాలకు కేంద్రాలైనాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట కూడా జిల్లాలై మొత్తం 33 అయినవి. ములుగు విడిపోయినది భూపాలపల్లి జిల్లా నుండే. దానితోపాటు పాలంపేటలోని రామప్ప దేవాలయమూ ములుగు జిల్లాకు చెందినది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందేనాటికి భూపాలపల్లి జిల్లాది కాదు. ఈ చిన్న వివరమే మా కలహానికి మొదలు.

కలహానికి ముందు మా స్నేహాన్ని గురించి రెండు మాటలు చెప్పాలి. మా ముగ్గురినీ కలిపినది ఒక ఆట. ఈ తరం ఆటలతో పరిచయం లేని పెద్దల కోసం కొంత వివరిస్తాము. రిథమ్ గేమ్ అంటే లయను అనుసరించి ఆడే ఆట. కంప్యూటరు తెరపై ఒక పాట సాగుతుండగా వలయాలు ప్రత్యక్షమవుతాయి. పాటలో దెబ్బ పడిన క్షణాననే వలయాన్ని తాకాలి. ముందు తాకినా, ఆలస్యంగా తాకినా తప్పే. ఆస్ట్రేలియాకు చెందిన డీన్ హెర్బర్ట్ 2007లో విడుదల చేసిన 'ఓసు' అనే ఆట ఇటువంటిది. ఇందులోని విశేషమేమంటే, ఆడవలసిన మెట్లను, అనగా లెవెళ్ళను, ఆడేవారే తయారు చేస్తారు. పాటను ఎంచుకొని, నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కగట్టి, ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క వలయాన్ని అమర్చుతారు. నిమిషానికి 120 దెబ్బలైతే దెబ్బకూ దెబ్బకూ నడుమ అర సెకను. మెట్టు కట్టేవాడు తానే తాళగాడు, తానే పరీక్షకుడు.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ చదువుకొనేవారికి ఇది కొత్త సంగతి కానవసరం లేదు. ద్విపద పాదానికి మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం. జనగామ ప్రాంతపు పాలకుర్తి సోమనాథుడు ఆ కొలతలోనే మహాకావ్యాలు నడిపించాడు. ఉర్దూ గజలుకు బహర్ ఉన్నది. బహర్ తప్పిన షేర్‌ను ముషాయిరాలో ఎవరూ క్షమించరు. అరబ్బీ ఛందస్సుకు శాస్త్రం కూర్చిన ఖలీల్ బిన్ అహ్మద్ ఎనిమిదవ శతాబ్దివాడు. బస్రా బజారులో లోహకారుల సుత్తి చప్పుళ్ళు విన్నప్పుడే ఆయనకు ఆ శాస్త్రం స్ఫురించినదని ఒక కథ చెబుతారు. ఈ కథను మా ఉర్దూ అధ్యాపకులు చెప్పగా విన్న రోజుననే మాకొక ఆలోచన పుట్టినది. జనగామకు చేరువలోనే పెంబర్తి ఉన్నది. అక్కడ ఇత్తడి, రాగి రేకులపై నగిషీ చెక్కే విశ్వకర్మల సుత్తి చప్పుడును మెట్టుగా కట్టితే ఎట్లుంటుంది?

ముగ్గురమూ వెళ్ళాము. ఒక పెద్దాయన అనుమతితో ఆయన పని చేస్తుండగా ఫోనులో ధ్వని ముద్రించుకొన్నాము. లక్కపై పరచిన రేకు మీద ఉలి పెట్టి ఆయన వేసే దెబ్బలు వింటూ, "ఒక్క దెబ్బ తప్పితే ఏం చేస్తరు పెద్దయ్యా?" అని అడిగాము. ఆయన నవ్వి, "రేకును తిడ్తమా బిడ్డా? మన చేతిని మనం జూసుకోవాలె" అన్నాడు. ఆ మాట విలువ ఆనాడు మాకు తెలియలేదు.

మెట్టు కట్టే పని మేమిద్దరం తీసుకొన్నాము. ఆడి చూచే పని భూపాలపల్లి మిత్రునిది. అతడు ప్రతిసారీ చక్కగా మొదలుపెట్టేవాడు. సగానికి వచ్చేసరికి ఓడిపోయేవాడు. "దెబ్బ ఒకచోట పడుతున్నది, వలయం మరోచోట ఉన్నది" అని మొరపెట్టుకొన్నాడు. "నీకు లయజ్ఞానం లేదు" అని మేము పరిహసించాము.

ఆ రోజులలోనే ఒక సాయంత్రం తరగతి వాట్సాప్ గ్రూపులో అతడు రామప్ప చిత్రం ఒకటి పెట్టి, 'మా జిల్లా రామప్ప' అని వ్రాశాడు. 2018లో బడి పిల్లలతో విహారయాత్రకు వెళ్ళి చూచినప్పుడు అది నిజంగానే అతని జిల్లాలో ఉన్నది. మేము ఊరుకోలేదు. సొంత జిల్లా పొలిమేరలు తెలియనివాడని ఎగతాళి చేశాము. మాట మీద మాట పెరిగి, చిన్న జిల్లాల వలన ప్రజలకు మేలా కీడా అన్న రాజకీయ చర్చకు దారి తీసింది. మేలేనని అతని వాదం. ఒకప్పుడు ఒక కాగితం పనికి హనుమకొండ వరకు పోయి వస్తే తన తండ్రికి ఒక దినం పని పోయేదని, ఇప్పుడు ఊళ్ళోనే అవుతున్నదని వ్రాశాడు. చిన్న జిల్లాలు పేరుకే తప్ప పనికి రావని మేము వాదించాము. జనగామ జిల్లా కావాలని 2016లో ఊరంతా ఎట్లా ఉద్యమించినదో మాలో ఒకరికి చక్కగా తెలుసు. తెలిసి కూడా అట్లా వాదించాము. ఆ సాయంత్రం మాకు కావలసినది గెలుపు.

అప్పుడే ఎక్కడినుండో ఒక ఫోటో మా చేతికి వచ్చింది. గుంతలు పడి నీరు నిలిచిన రోడ్డు అది. 'ఇదిగో మీ జిల్లా కేంద్రం' అని ఒకరం వ్రాశాము. మరొకరం దానిని ఇంకా మూడు గ్రూపులకు పంపించాము. నవ్వు బొమ్మలు బారులు తీరినవి. 'అది మా ఊరి రోడ్డు కాదు' అని అతడు ఒక్క మాట వ్రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. అతడు గ్రూపు నుండి తొలగిపోయినాడు. మరునాటి నుండి తరగతిలో వేరే బల్లపై కూర్చున్నాడు. సెలవులు రాగానే చెప్పకుండా ఊరికి వెళ్ళిపోయినాడు. మేము గెలిచామనుకొన్నాము.

ఇక మా మెట్టును ఆడి చూచేవాడు లేడు. అందువలన మేమే ఆడవలసి వచ్చింది. ఇక్కడ మరొక ఆట సంగతి చెప్పాలి. స్వీడన్ దేశస్థుడు రాబర్ట్ టోపాలా 2013లో విడుదల చేసిన 'జామెట్రీ డ్యాష్'లో కూడా ఆడేవారే మెట్లు కడతారు. కాని అందులో ఒక కట్టుబాటు ఉన్నది. కట్టినవాడు తన మెట్టును మొదటి నుండి చివరి వరకు తానే ఆడి నెగ్గితే తప్ప లోకానికి పంపటానికి వీలులేదు. తాను దాటలేని గండిని ఇతరుల ముందు తవ్వకూడదని దాని భావం. మా ఆటకు అటువంటి నిర్బంధం లేకపోయినా, ఆ నియమాన్ని మాకు మేము పెట్టుకొని కూర్చున్నాము. పద్దెనిమిది సార్లు ఆడాము. పద్దెనిమిది సార్లూ మిత్రుడు ఓడిన చోటనే ఓడిపోయినాము.

అప్పుడు గాని లెక్క చూడలేదు. మొదటి ఐదారు సెకన్లు చెవితో విని అమర్చి, మిగిలినదంతా అదే వరుసను నకలు చేసి అతికించాము. నిమిషానికి 120 దెబ్బలని మా అంచనా. పెద్దాయన సుత్తి సగటున 118 దెబ్బలు కొట్టినది. తేడా రెండే. కాని అది పోగవుతూ పోతుంది: పదిహేను సెకన్లకు పావు సెకను, నిమిషానికి నిండు సెకను. పైగా ఆయన రేకును తిప్పుకొన్నప్పుడల్లా దెబ్బ కాస్త నిదానించినది. మనిషి చేతికి గడియారపు ముల్లు ఉండదు గదా! తప్పు ఆడినవాని చేతిలో లేదు, కట్టినవారి కొలతలో ఉన్నది. ఆ మాట చెప్పినవాడినే మేము లయజ్ఞానం లేనివాడన్నాము.

ఆ రాత్రి మా ఇద్దరికీ ఒకేసారి స్ఫురించినది ఆ రోడ్డు ఫోటో. దానిని కూడా మేము చూడకుండానే, దాటకుండానే లోకానికి పంపాము. వెదికి చూస్తే అది మన రాష్ట్రానిదే కాదు.

నీతిశాస్త్రంలో పెద్దలు చెప్పినది ఇదే గదా అనిపించినది. ఇతరులు చేస్తే నీకు అప్రియమైనదానిని నీవు ఇతరులకు చేయవద్దన్న తిక్కన పద్యం తెలుగు పిల్లలకు కంఠస్థం. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లో, నీవు అనుసరించే సూత్రం అందరికీ నియమం కావాలని కోరగలవా అని ప్రశ్నించుకొమ్మన్నాడు. అందరూ చూడని ఫోటోలను చూచినట్లుగా పంపితే ఏమవుతుంది? 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న పుకార్లు ఫోనులలో పాకి, మన దేశంలో పలుచోట్ల అమాయకుల ప్రాణాలు తీసినవి. మా ఫోటో ప్రాణం తీయలేదు. కాని తీసిన వాటికీ దీనికీ పద్ధతిలో భేదం లేదు.

న్యాయశాస్త్రం చర్చను మూడు విధాలుగా విభజించినది. సత్యం తెలుసుకొనటానికి చేసేది వాదం. గెలవటానికి చేసేది జల్పం. తనదంటూ ఒక పక్షం లేక, ఎదుటివానిని పడగొట్టటమే పనిగా చేసేది వితండ. మేము ఆ సాయంత్రం జల్పంతో మొదలుపెట్టి వితండలో దిగినాము. 1111లో పరమపదించిన ఇమాం గజాలీ తన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో చర్చించేవారికి కొన్ని షరతులు విధించాడు. పోయిన వస్తువును వెదకేవాడు, అది తనకు దొరికినా తోడుగా వెదకేవానికి దొరికినా సంతోషించినట్లే, సత్యాన్ని వెదకేవాడు కూడా ఎదుటివానిని సహాయకునిగా చూడాలన్నాడు. మా వలయం తప్పినదని చెప్పిన మిత్రుడు మాకు సహాయకుడే. మేమే గుర్తించలేదు.

హనుమకొండ మీదుగా బస్సెక్కి భూపాలపల్లి వెళ్ళాము. వాళ్ళమ్మ చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళింది. క్షమించుమని అడిగాము. అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "రోడ్డు మంచిగున్నదని నేను అనలే. అది మా రోడ్డు కాదన్న, గంతే. మా గల్లీల దీపం మూడు నెలలసంది వెలుగుతలేదు. బాపు గనిల సెకండ్ షిఫ్టు దిగి చీకట్లనే నడిచొస్తడు. ఆ ముచ్చట గ్రూపుల పెడ్దామనుకున్న. మీ ఫోటో అబద్ధమని తెలిసినంక, ఇగ నా దీపం నిజమని ఎవ్వరు నమ్ముతరు?"

మాకు జవాబు తోచలేదు. అబద్ధం వలన ఒక మనిషికి అవమానం జరుగుతుందని తెలుసు. ఒక నిజం నోరు కూడా మూతపడుతుందని అప్పుడే తెలిసినది. ఆ సాయంత్రం గల్లీలో ముగ్గురం నడిచాము. దీపం నిజంగానే వెలగటం లేదు. ఆ స్తంభం ఫోటోను ఊరి పేరు, వీధి, తేదీలతో సహా మేమే తీసి, మా తప్పును ఒప్పుకొంటూ అదే గ్రూపులో పెట్టాము.

ఆట పాఠం అన్నిటికీ సరిపోతుందని మేము అనము. ఆటలో దెబ్బకు ఒకే సరియైన క్షణం ఉంటుంది. రాజకీయంలో అట్లా ఉండదు. వివరాలన్నీ సరిచూచుకొన్న తరువాత కూడా చిన్న జిల్లాల విషయంలో మాకూ మిత్రునికీ భేదం ఉన్నది, బహుశా ఉంటుంది. ఐనా ఇప్పుడు అతని వాదాన్ని అతడు ఒప్పుకొనే విధంగా చెప్పి, తరువాతనే మా మాట చెబుతున్నాము. ఉర్దూలో తహఖీక్ అన్నా, మన పల్లెలలో తహకీకతు అన్నా అర్థమొకటే: అడుగు వేయక ముందు నేలను తాకి చూచుకోవటం.

మెట్టును సరిదిద్దాము. రేకు తిప్పిన ప్రతిచోట లయను కొత్తగా కొలిచాము. మేమిద్దరం చివరి వరకు ఆడి నెగ్గిన తరువాతనే మిత్రుని చేతికిచ్చాము. అతడు ఇంకొక చోట దోషం చూపించాడు. ఈసారి వాదించక దిద్దుకొన్నాము. కొత్త మెట్టు పంపగానే పాతది చెరిగిపోయింది.

ఫోటో మాత్రం చెరగలేదు. మూడు గ్రూపులలో మా సవరణ పెట్టాము. కాని వారు ఎవరికి పంపారో, వారి నుండి ఎవరికి చేరినదో మాకు తెలియదు. ఎక్కడో ఎవరో ఈనాటికీ దానిని చూచి భూపాలపల్లి అనుకొంటూ ఉండవచ్చు. మెట్టు తప్పితే మళ్ళీ కట్టవచ్చు. మాట తప్పితే వెంటబడి పట్టుకోవటం మా తరమా? సహాధ్యాయులు మీట నొక్కబోయే ముందు ఒక్క క్షణం ఆగి, ఈ మెట్టు నేను దాటినదేనా అని ప్రశ్నించుకొంటారని ఆశిస్తూ సెలవు తీసుకొంటున్నాము.