పొరుగింటి మీద కాదు

8 అక్టోబరు 2025, బుధవారం. గాజువాక

ఉపవాస కూటం అయ్యి చెప్పులేసుకుంటుంటే మరదలు చెయ్యి పట్టుకుంది. "వదినా, మా గుమ్మంలో మళ్ళీ నిమ్మకాయ పడుంది. పసుపు, కుంకుమతో సహా. పక్కింటావిడ పనే." తమ్ముడికి కాంట్రాక్టు పని పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఏది జరిగినా చేతబడే. చంటిదానికి జ్వరమొచ్చినా అదే, మోటారు కాలినా అదే. మా ప్రార్థన సమాజం వాళ్ళందరం వెళ్ళి గోడ దగ్గర నిలబడి, ఆవిడకి వినపడేలా దురాత్మను బంధించాలట.

వస్తానన్నాను. ఇంట్లో కూర్చుని ప్రార్థన చేద్దాం, గోడ దగ్గర కాదన్నాను. ముఖం ముడుచుకుంది.

సాతాను ఉన్నాడని నేను నమ్ముతాను. మన మీదికి వస్తాడనీ నమ్ముతాను. అందుకే ఆ గోడంటే భయం. నెలల తరబడి పనిలేని ఇంట్లోకి ద్వేషం కూడా వచ్చి కూర్చుంటే వాడికి ఇంకేం కావాలి?

12 అక్టోబరు, ఆదివారం

హుద్‌హుద్ తుఫానుకి పదకొండేళ్ళు. 2014లోనూ ఈ తారీఖు ఆదివారమే. గంటకి దాదాపు 180 కిలోమీటర్ల గాలితో సరిగ్గా విశాఖ మీదే తీరం దాటింది. ఆ రోజు మేం గుడికి వెళ్ళలేదు. మంచం పక్కన మోకాళ్ళ మీదే గడిచింది.

ఇవాళ ఒకాయన సాక్ష్యం చెప్పాడు. తమది ప్రార్థన చేసే ఇల్లు కాబట్టి రేకు కూడా కదల్లేదట, పక్క వీధిలో అన్నీ లేచిపోయాయట. అందరూ స్తోత్రం అన్నారు. నా నోటికి రాలేదు. పక్క వీధిలోనూ మన విశ్వాసులే ఉన్నారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడినప్పుడు నిద్రలో ఉన్నవాళ్ళు పడుకునే ముందు దండం పెట్టుకోలేదా? ఆవిరి ఎవరి దేవుడెవరని అడిగి లోపలికి రాలేదు. సైరన్ మోగి ఉంటే కొందరైనా పరుగెత్తేవాళ్ళు. మోగలేదు. దాన్ని దురాత్మ మీదికి నెట్టేస్తే మోగించాల్సిన మనుషులు తప్పించుకుంటారు.

దేవుడు కాపాడతాడు. నా బతుకంతా దాని మీదే నిలబడింది. కానీ పక్కవాడి కూలిన గోడను చూపించి నా దేవుణ్ణి గొప్పచేయలేను.

15 అక్టోబరు, బుధవారం

ఆదివారం విన్న సాక్ష్యం ఇంకా మనసులో మెదులుతోంది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు తెలుగు దేశానికి మొదట వచ్చింది మన విశాఖకే, 1805లో. జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్. ఆనందరాయర్ అనే మరాఠీ బ్రాహ్మణ క్రైస్తవుడు వాళ్ళకి తోడై సువార్తలు తెలుగు చేయడంలో సాయపడ్డాడు. 1809లో క్రాన్ పోయాడు. మరుసటేడు డెగ్రాంజెస్ పోయాడు. వాళ్ళ తెలుగు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో, ఇద్దరూ మట్టిలో కలిశాక. తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది.

మనం కంఠస్థం చేసే ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయాన్ని, అందులో పౌలు చెప్పిన కవచాన్ని, ఆ ఇద్దరూ తెలుగు అచ్చులో చూడనే లేదు. దేవుని పని మీద వచ్చినవాళ్ళే ఐదేళ్ళు తిరిగేసరికి పోయారు. వాళ్ళకి విశ్వాసం చాలలేదని ఏ నోటితో అంటాం? రాత్రంతా ఇదే ఆలోచన.

19 అక్టోబరు, ఆదివారం

మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో 'గోదావరి' దగ్గర పనిచేస్తారు. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మన పేర్లే పెట్టారు. ట్యాపింగ్ వేళ ఇనుము పద్నాలుగు వందల డిగ్రీలు దాటి ఏరులా కాలవలో పారుతుంది. దగ్గరికి వెళ్ళేవాళ్ళకి వెండి రంగు కోటు ఇస్తారు. ఇంట్లో కూర్చునేవాడికి ఆ కోటెందుకు? పౌలు చెప్పిన కవచం కూడా మంట దగ్గరికి వెళ్ళేవాళ్ళదే అనిపించింది.

మధ్యాహ్నం ఆ అధ్యాయం మరదలితో చదివించాను. పోరాటం మనుషులతో కాదని పౌలు ముందే తేల్చేశాడు. ఆ తర్వాతే సత్యం, నీతి, సమాధానం ఒక్కొక్కటే తొడగమన్నాడు. అందులో పొరుగువాణ్ణి కొట్టే ఆయుధం ఒక్కటీ లేదు. ఆఖర్న తన కోసం ప్రార్థించమని అడుగుతాడు. సంకెళ్ళలో ఉండి కూడా, సంకెళ్ళు తెగాలని అడగలేదు. సువార్త చెప్పే ధైర్యం కావాలని అడిగాడు.

"మరి మాకు పని కావాలని అడగకూడదా వదినా?" అంది. అడుగుదాం, రోజూ అడుగుదాం అన్నాను. తమ్ముడి పేరు చెప్పి ఇద్దరం ఏడ్చాం.

28 అక్టోబరు, మంగళవారం

మొంథా తుఫాను. రాత్రికి కాకినాడ వైపు తీరం దాటుతుందంటున్నారు. ఇక్కడ వాన ఆగడం లేదు. స్కూళ్ళు లేవు. కరెంటు పోయి వస్తోంది.

పక్కింటావిడ కొడుకు బోటు మీద కళాసీ. వేట ఆపేశారు, బోట్లు హార్బర్‌లోనే ఉన్నాయి. కానీ వాటిని చూసుకోవడానికని పిల్లాడు అక్కడే ఉండిపోయాడట. గోడవతల ఆవిడ ఏడుపు మరదలి ఇంట్లోకి వినిపిస్తోంది.

ప్రార్థనలో వాడి పేరు చెప్పాను. ముందు వరసలోనే, మా పిల్లల పేర్లతో కలిపి. మరదలు ఆమెన్ అనలేదు. కళ్ళు తెరిచి నా వైపే చూసింది.

వాన తగ్గితే రేపు కూటం మరదలి ఇంట్లోనే పెడదామని సమాజం వాళ్ళకి ఫోన్ చేశాను. నలుగురు వస్తామన్నారు. కూటానికి ముందు పక్కింటి తలుపు కొట్టి పిల్లాడి సంగతి కనుక్కుంటానని మరదలితో చెప్పాను. "నువ్వెళ్ళు, నేను రాను" అంది.