టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు లోకపరిచయం ఎలా?

పదవీ విరమణ తరువాత నా దగ్గరకు సలహా కోసం వచ్చేవారి ప్రశ్నలు కొంత మారాయి. రక్తపోటు, మధుమేహం గురించి మాట్లాడి లేవబోతూ, "డాక్టరుగారూ, మా ఇంట్లో కుక్కపిల్లను తెచ్చుకున్నాం. టీకాలన్నీ అయ్యేవరకు గడప దాటించవద్దన్నారు. నాలుగు నెలలు గదిలోనే ఉంచితే అది పిరికిదైపోదా?" అని అడిగేవారు ఎక్కువయ్యారు. నేను పశువైద్యుణ్ణి కాను. అయినా కుక్కకాటు బాధితులకు దశాబ్దాలపాటు చికిత్స చేసినవాడిగా, దీనిని మనుషుల ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నగానే చూస్తాను. కరిచే కుక్కలన్నీ దుష్టమైనవి కావు. వాటిలో చాలావాటిని కరవడానికి పురికొల్పేది భయమే. ఆ భయం ఏ వయసులో నాటుకుంటుందో తెలిస్తే, దానిని ఎప్పుడు నివారించాలో కూడా తెలుస్తుంది.

రెండు గడువులు

కుక్కపిల్ల పుట్టగానే తాగే ముర్రుపాల ద్వారా తల్లి నుంచి ప్రతిరక్షకాలు దానికి అందుతాయి. అవి కొన్ని వారాలపాటు పిల్లను కాపాడతాయి. అయితే అవే టీకా పనిచేయకుండా అడ్డుపడతాయి కూడా. అవి ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతాయో పైకి చూసి చెప్పలేము. ఒకదానిలో ఎనిమిదో వారానికే తగ్గవచ్చు. మరొకదానిలో ఇంకా చాలా వారాలు నిలవవచ్చు. అందువల్లనే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేసి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు నిండేవరకు మళ్లీ వేస్తారు. మనవారు "సెవెన్ ఇన్ వన్", "నైన్ ఇన్ వన్" అని పిలిచే ఇంజక్షన్లు ఇవే. రేబిస్ టీకాను సాధారణంగా మూడు నెలలు నిండాక వేస్తారు. పూర్తి రక్షణ సమకూరేసరికి పిల్లకు దాదాపు 120 రోజులు వస్తాయి.

రెండో గడువు మెదడుకు సంబంధించినది. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల ప్రవర్తనను పరిశీలించి 1965లో ఒక గ్రంథం వెలువరించారు. సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు పిల్ల చూసిన మనుషులు, విన్న శబ్దాలు, తొక్కిన నేల దాని మనసులో "ఇవి మనవే" అన్న ముద్ర వేస్తాయి. ఆ తరువాత ఎదురయ్యే కొత్తది ఏదైనా మొదట అనుమానాన్నే రేపుతుంది. 1961లో వెలువడిన మరొక పరిశోధనలో కొన్ని పిల్లలను ఎత్తైన కంచెలోపల, మనుషుల స్పర్శ లేకుండా పెంచారు. పద్నాలుగు వారాల వరకు మనిషిని ఎరుగని పిల్లలను ఆ తరువాత మచ్చిక చేయడం దాదాపు అసాధ్యమైంది.

లెక్క చూడండి. మెదడు తలుపు 100 రోజులకు మూసుకుంటుంది. టీకాల తలుపు 120 రోజులకు గాని తెరుచుకోదు. మొదటిదాన్ని మరచిపోయినా, రెండోదాన్ని మరచిపోయినా నష్టమే. ఆ రెండు నష్టాలనూ నేను దగ్గరగా చూశాను.

గూడెంలో ఒకటి, కొల్లేటిలో ఒకటి

తాడేపల్లిగూడెంలో మా చెల్లెలి ఇంట్లో ఒక జర్మన్ షెపర్డ్ పిల్లను తెచ్చారు. జాగ్రత్తపరులు కావడంతో అయిదు నెలలు నిండేవరకు దానిని మేడ మీది గదిలోనే పెంచారు. తిండికి, ప్రేమకు లోటు లేదు. టీకాలు ఒక్కటి కూడా తప్పలేదు. అయితే అది చూసినవి ఆ ఇంటి నాలుగు ముఖాలే. అయిదో నెలలో మొదటిసారి కిందికి దించినప్పుడు, ఉల్లిపాయల మార్కెట్టుకు పోయే లారీ హారన్ విని నేలకు కరుచుకుపోయి, నిలుచున్నచోటనే మూత్రం పోసుకుంది. పెద్దదవుతుంటే అదే సర్దుకుంటుందనుకున్నారు. సంక్రాంతికి వచ్చిన బంధువుల పిల్లవాడు దానిని నిమరబోయి వంగితే చెంప మీద కరిచింది. గాయం కడిగి, టీకాలతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇప్పించాము, పిల్లవాడు కోలుకున్నాడు. మచ్చ మిగిలింది. ఆ కుక్క అప్పటినుంచి గొలుసుకే పరిమితమైంది.

రెండోది దీనికి సరిగ్గా వ్యతిరేకం. కైకలూరు వైపు ఒక లంక గ్రామంలో చేపల చెరువులు సాగుచేసే రైతు నాకు పాత రోగి. వారి చెరువు గట్టు మీద ఊరకుక్క ఈనిన ఆరు పిల్లలను ఆయన ముచ్చటపడి సాకాడు. అవి గట్టు మీద, కాలువలో, చేపలు ప్యాక్ చేసే షెడ్ల దగ్గర యథేచ్ఛగా తిరిగేవి. టీకాల మాట ఎత్తితే, "నాటు కుక్కలకి ఏం కాదండి, అయ్యి గట్టి పిండాలండి" అన్నాడు. తొమ్మిదో వారంలో వాంతులు, నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజుల్లో నాలుగు పిల్లలు పోయాయి. పశువైద్యుడు పార్వో అని చెప్పాడు. నాటు కుక్కలు గట్టివన్న నమ్మకం మన పల్లెల్లో చాలా బలమైనది. కాని మన కళ్ల ముందు తిరిగే కుక్కలు చావు తప్పించుకుని బతికినవి. చచ్చిపోయిన పిల్లలను ఎవరూ లెక్కపెట్టరు.

పార్వో వైరస్‌ను 1978లో గుర్తించారు. రెండేళ్లు తిరగకముందే అది ప్రపంచమంతటా పాకింది. రోగం సోకిన కుక్క మలంలో నుంచి మట్టిలో చేరి నెలల తరబడి బతికి ఉంటుంది. మన చెప్పులకు అంటుకుని ఇంట్లోకీ రాగలదు. మామూలు ఫినాయిల్‌ను దీని విషయంలో నమ్ముకోకూడదు. నేలను ముందు శుభ్రంగా కడిగి, ఒక వంతు ద్రవ బ్లీచ్‌కు 30 వంతుల నీరు కలిపి, పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచి, మళ్లీ కడగాలి.

కాళ్లు నేలకు తాకకుండా

ఏలూరులో మా ఇంటికి లాబ్రడార్ పిల్ల వచ్చినప్పుడు దాని వయసు 50 రోజులు. దానిని చూసిన పశువైద్యుడు చెప్పిన మాట నాకు బాగా నచ్చింది: "వీధిలో కాలు పెట్టనివ్వకండి, వీధిని మాత్రం చూడనివ్వండి." మొదటి టీకా వేసి వారం గడిచాక మేము ఆ మాట ప్రకారమే నడుచుకున్నాము.

మా మనవడు దానిని చేతి బుట్టలో పెట్టుకుని స్కూటరు మీద నా వెనుక కూర్చునేవాడు. పవర్‌పేట స్టేషన్‌కు కొంత దూరంలో ఆగి రైలు పోయేదాకా చూపించేవాళ్లం. మొదటి రోజు అది బుట్టలో ముడుచుకుపోతే, మరునాడు ఇంకా దూరంగా ఆగాము. నాలుగో రోజుకు రైలు కూత వినబడగానే అది మనవడి చేతిలోని ఉడికించిన కోడిమాంసం ముక్క కోసం చూడసాగింది. బడి వదిలే వేళ పిల్లల గోల, టిఫిను బండి దగ్గర జనం, తమ్మిలేరు వంతెన మీద బస్సులు, ఇవన్నీ అది చేతుల్లోనే ఉండి చూసింది. ఒక్కో విహారం పది పదిహేను నిమిషాలకు మించలేదు.

ఇంటికి వచ్చే ప్రతి మనిషినీ దానికి పాఠంగా మార్చుకున్నాము. గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి, గడ్డం పెంచుకున్న స్నేహితుడు, బురఖా ధరించిన పొరుగింటి అమ్మ, హెల్మెట్ తీయని కొరియర్ మనిషి, చేతికర్రతో నడిచే మా బావగారు, అందరూ చెప్పులు గేటు బయటనే విడిచి, చేతులు కడుక్కుని, దానికి ఒక ముక్క తినిపించి వెళ్లేవారు. మిక్సీ, కుక్కర్ ఈల, గోనెసంచి మీద నడక, తడి గచ్చు, గొడుగు తెరవడం కూడా పాఠాలే. దీపావళి ఇంకా దూరంగా ఉన్నా, టపాకాయల శబ్దాన్ని ఫోనులో చాలా తక్కువ స్థాయిలో వినిపిస్తూ మెల్లగా పెంచాము. టీకాలన్నీ వేయించుకున్న మా మిత్రుని పెద్ద కుక్కతో మా పెరట్లోనే ఆడించాము.

ఒక్క విషయంలో మరీ పట్టుదలగా ఉన్నాము. పశువైద్యశాలలో దానిని ఒడిలోనుంచి నేల మీదికి దించలేదు. జబ్బుపడిన పిల్లలన్నీ వచ్చే చోటు అదే గదా!

తోక ముడవడం, ముఖం తిప్పుకోవడం, పెదవులు నాకడం, ఆవలించడం భయానికి సూచనలు. అవి కనిపిస్తే బలవంతం చేయకుండా వెనక్కి తగ్గాలి. లోకాన్ని చూపించడమంటే భయపెట్టి అలవాటు చేయడం కాదు.

విదేశీ సలహాను ఎంతవరకు తీసుకోవాలి?

అమెరికాలో జంతు ప్రవర్తనను అధ్యయనం చేసే పశువైద్యుల సంఘం 2008లో ఒక ప్రకటన చేసింది. మొదటి టీకా, మొదటి నులిపురుగుల మందు అయి కనీసం ఏడు రోజులు గడిస్తే, ఏడెనిమిది వారాల పిల్లలను కూడా శిక్షణ తరగతులకు తీసుకుపోవచ్చునన్నది దాని సారాంశం. టీకా వేయించుకుని అలాంటి తరగతులకు హాజరైన పిల్లలకు పార్వో ముప్పు పెరగలేదని అక్కడ 2013లో వెలువడిన పరిశీలన ఒకటి తెలిపింది. అయితే ఆ తరగతులు శుభ్రపరచిన గదుల్లో, టీకాలు వేసిన పిల్లల మధ్య జరుగుతాయి. మన వీధుల్లో టీకాలెరుగని కుక్కలు తిరుగుతాయి. కనుక సూత్రాన్ని తీసుకుందాం. వీధిలో నడిపించడాన్ని మాత్రం చివరి టీకా తరువాత పశువైద్యుడు సరేననేవరకు వాయిదా వేద్దాం.

కొల్లేటి పరిసరాల్లో మరొక జాగ్రత్త అవసరం. వరదనీరు తీసిన తరువాత, వరిచేలలో, చెరువు గట్ల మీద ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. ఇది కుక్కలకూ, మనకూ వచ్చే జబ్బు. కుక్క మూత్రం నుంచి మనుషులకూ సోకుతుంది. పిల్లను కాలువ నీరు తాగనివ్వకండి, నిలువనీటిలో ఆడనివ్వకండి. నీటిలో తిరిగిన మనిషికి జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి. సకాలంలో వాడితే డాక్సీసైక్లిన్ వంటి సాధారణ మందులకే ఇది లొంగుతుంది.

చిన్నపిల్లే గదా అనవద్దు

రేబిస్ టీకా వేయని రోజుల్లో పిల్ల పళ్లు గుచ్చుకుంటే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. రెండు మూడు నెలల పిల్లకు కూడా రేబిస్ రావచ్చు. వీధిలోనుంచి తెచ్చినది, తల్లి ఎవరో తెలియనిది అయితే మరీ జాగ్రత్త. పన్ను గీరినా, నెత్తురు వచ్చినా ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, ఆకుపసరు పెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు పొడిచే పాత టీకా మన దేశంలో నిలిచిపోయి చాలా ఏళ్లయింది. దాని భయంతో నేటికీ ఆసుపత్రికి రానివారున్నారు. నేటి టీకాను చేతికే వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులకు వెళితే చాలు. నెత్తురు వచ్చిన గాయానికి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా తప్పనిసరి.

ప్రపంచంలో రేబిస్ అనుమానమున్న జంతువుల కాటుకు గురయ్యేవారిలో సుమారు 40 శాతం 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందువల్ల కుక్కపిల్లతో పాటు మన పిల్లలకూ శిక్షణ ఇవ్వాలి. పిల్లవాడు నేల మీద కూర్చోవాలి. కుక్కపిల్లే అతని దగ్గరకు రావాలి. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు తాకరాదు. ఆడుకున్నాక చేతులు కడగాలి. పిల్ల తిండి మానినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా మరునాటి దాకా ఆగకుండా ఆ పూటే పశువైద్యుడికి చూపించాలి.

మీ ఇంటికి కుక్కపిల్ల వస్తుంటే దాని టీకాల కార్డు మీద ఒక తేదీని మీరే అదనంగా రాసుకోండి: అది పుట్టి 100 రోజులు నిండే తేదీ. టీకాల తేదీలను పశువైద్యుడు గుర్తుచేస్తాడు. ఈ తేదీని మాత్రం మనమే గుర్తుపెట్టుకోవాలి.