ట్యాంకరు బురద

3 జూన్ 2024, శాంతినగర్, వడ్డేపల్లి
పొద్దున్నే సెప్టిక్ ట్యాంకులు తోడే ట్యాంకరతను చేను గట్టుకాడ ఆగాడు. "అన్నా, నీ చేన్ల పారబోస్త. పైసలేం వద్దు. పెంట కంటె బలం" అన్నాడు. డీఏపీ బస్తా 1,350 రూపాయలు. ఆశపడ్డాను. రెండు రోజులాగి చెప్తానన్నాను.

రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. నిరుడు చిన్నోడికి జ్వరం చూస్తుంటే థర్మామీటరు పగిలింది. బండల మీద దొర్లిన వెండి రంగు పాదరసం గుండ్లను నీళ్లు కొట్టి తూములోకి తోసింది నేనే. మా తూము పోయేది సెప్టిక్ ట్యాంకులోకే.

5 జూన్
పట్టణ చెత్తతో చేసిన కంపోస్టులో పాదరసం కిలోకు 0.15 మిల్లీగ్రాములు దాటకూడదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. థర్మామీటరులో ఉండేది అర గ్రాము నుంచి గ్రాము. అర గ్రామే అనుకున్నా, 3,333 కిలోల ఎరువును ఆ హద్దుకు చేర్చడానికి చాలు. నమ్మలేక రెండోసారి లెక్క కట్టాను. అదే వచ్చింది.

పాదరసం నీళ్లతో పోతుందనుకున్నాను. పోదు. బురదలోని గంధకాన్నీ కుళ్లిన పదార్థాన్నీ అంటుకుని అడుగున ఉండిపోతుంది. పెద్ద ఊళ్ల మురుగు శుద్ధి కేంద్రాల్లోనూ అంతే. నీళ్లు తేటపడతాయి, పాదరసం చాలావరకు బురదకు చేరుతుంది. పగిలిన బీపీ మిషన్లలోని పాదరసం, పళ్లలో నింపే వెండి మిశ్రమంలోని పాదరసం, అంతా అక్కడికే.

8 జూన్
ఆర్డీఎస్ కాలువ వస్తే కింది మళ్లలో వరి వేస్తాం. నీళ్లు నిలిచి గాలాడని బురదలోనే కొన్ని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది వడ్లగింజలోకీ ఎక్కుతుంది. 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడిన జబ్బుకు కారణం ఈ మిథైల్ పాదరసమే. అక్కడ చేపల్లోంచి మనుషుల్లోకి వచ్చింది.

పత్తి విత్తనం పండించే ప్రాంతంవాణ్ణి కాబట్టేమో, ఇరాక్ సంగతి చదివాక నిద్ర పట్టలేదు. 1971లో అక్కడ పాదరసం మందు పట్టించి రంగు వేసిన విత్తన గోధుమలు పంచారు. రంగు కడిగితే విషం పోయిందనుకుని రొట్టెలు చేసుకున్నారు. సర్కారు లెక్కలోనే 459 మంది చనిపోయారు.

9 జూన్
ట్యాంకరతనికి వద్దని చెప్పాను. థర్మామీటరు సంగతి కూడా చెప్పాను. చాలాసేపు వింటూ నిలబడ్డాడు.
"మరి యాడ పొయ్యాలన్నా?"
నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం మున్సిపాలిటీకి అర్జీ రాశాను: ట్యాంకర్లకు ఒక చోటు చూపించమని, చేలకు పోయేముందు ఆ బురదను పరీక్షకు పంపమని. కింద తన పేరూ రాయమన్నాడు ట్యాంకరతను. రాశాను.