కుండ మంట వేరు, జాడీ మంట వేరు

ఎండలు ముదిరాయి కదండీ, మీ ఇంటికి కొత్త కుండ వచ్చిందా? అదే ఇంట్లో అలమరలో ఆవకాయ జాడీ కూడా ఉండే ఉంటుంది. రెండూ మట్టివే, రెండూ నిప్పులోంచి వచ్చినవే. అయినా ఆవకాయని కుండలో పెట్టి చూడండి, కొన్నాళ్లకి ఉప్పునీరు గోడలోంచి ఊరి, బయట తెల్లగా పూసి, పెచ్చులు రాలడం మొదలవుతుంది. జాడీలో నీళ్లు పోస్తేనేమో చల్లబడవు.

ముందు కుండ సంగతి. మన కుమ్మరులు తెచ్చుకునేది ఎక్కువగా చెరువుల్లోని ఒండ్రుమట్టి. జిగట ఎక్కువైతే ఇసుకో, జల్లించిన బూడిదో కలుపుతారు. నల్లరేగడి ఒక్కదానితో మాత్రం చేయలేరు. తడిస్తే ఉబ్బి, ఆరితే కుంచించుకుపోయే గుణం దానిది, ఆరేలోపే పగుళ్లిస్తుంది. ఒండ్రులో ఉండే ఇనుమే కుండకి ఎరుపునిస్తుంది. కుండలు కాల్చే ఆములో గాలాడకుండా మూసి పొగబెడితే అదే మట్టి నల్లకుండ అవుతుంది.

ఆము వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీలు. అక్కడికి చేరే దారే నాకు అన్నిటికన్నా అబ్బురం. మొదట సన్నని సెగే పెట్టాలి. తొందరపడితే లోపలి తడి ఆవిరై కుండని పేల్చేస్తుంది. 500 దాటుతుంటే మట్టి రేణువులోనే కట్టుబడి ఉన్న నీరు కూడా వదిలిపోతుంది. ఆ తర్వాత ఎన్నేళ్లు నానబెట్టండి, అది తిరిగి బురద కాదు! 573 దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ ఉన్నట్టుండి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే మళ్లీ ముడుచుకుంటుంది. అందుకే వేడి మీదున్న ఆమును విప్పకూడదు.

ఇంత కాగినా రేణువులు అంచుల్లో అతుక్కుంటాయే గాని కరగవు. వాటి సందుల్లోంచే నీరు చెమర్చి, ఆవిరవుతూ కుండలోని వేడిని లాగేస్తుంది. ఇంకా కాలిస్తే ఇంకా మంచిది కదా అంటారేమో, వద్దండీ. 1200 దాకా తీసుకెళ్తే ఎరుపునిచ్చిన ఆ ఇనుమే మట్టి త్వరగా కరగడానికి తోడవుతుంది. కుండ బుడగలెత్తి కూలబడుతుంది.

జాడీమట్టిలో ఇనుము తక్కువ, ఓర్పు ఎక్కువ. 1200, 1300 మధ్య అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కరిగి, గాజై, సందులన్నీ పూడ్చేస్తుంది. పింగాణీ 1300 చుట్టుపక్కల కాలుతుంది. దాని తెల్లమట్టికి చైనాలో జింగ్‌దెజెన్ దగ్గరి గావోలింగ్ కొండ పెట్టింది పేరు. ఐరోపావాళ్లు పింగాణీ చేసే కిటుకు పట్టుకుని మైసెన్‌లో కర్మాగారం పెట్టేసరికి 1710 వచ్చింది.

ఈసారి జాడీ కొనేటప్పుడు పై మెరుపు ఒక్కటే చూడకండి. బోర్లించి, అడుగున పూత లేని గరుకు అంచు మీద ఒక నీటిచుక్క వేయండి. చుక్క అలాగే నిలిస్తే ఆవకాయకి తీసుకోండి. చటుక్కున ఇంకిపోతే అది చాలినంత కాలలేదు, కొట్టువాణ్ణి ఇంకొకటి తీయమనండి.