దిల్‌సుఖ్‌నగర్‌లో ధ్రువ సముద్రం

సూర్యాపేట వైపు నుండి వచ్చే పల్లె జనానికి హైదరాబాదు అంటే మొదట ఎల్.బి. నగర్ చౌరస్తాయే. హయత్‌నగర్ దాటగానే బస్సులో అందరూ లేచి సంచులు సర్దుకొంటారు. మాది నకిరేకల్ దగ్గరి పల్లె. ముప్పై ఏళ్ళుగా విత్తనాలకైనా, ఆసుపత్రికైనా, పెళ్ళి బట్టలకైనా పట్నం వచ్చిన ప్రతిసారీ నేను ఆ చౌరస్తాలోనే దిగాను. సముద్రానికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, రాతి గుట్టల మీద కట్టుకొన్న ఊరు ఇది. ఇలాంటి చోట ఉత్తర ధ్రువ సముద్రపు సంగతులు నా చెవిన పడతాయని ఎన్నడూ అనుకోలేదు. అవే ఈ నెల మీతో పంచుకొంటాను.

మొన్న వేసవి చివరిలో రెండు పనులు పెట్టుకొని బయలుదేరాము. మా అమ్మకు పళ్ళన్నీ ఊడిపోయి రెండేళ్ళయింది. జొన్నరొట్టెను పాలలో నానబెట్టి మింగడమే గాని నమిలి తిన్నది లేదు. ఆమెకు కట్టుడు పళ్ళు పెట్టించాలి. ఇది మొదటి పని. రెండవది కొంచెం కష్టమైనది. మా అమ్మాయి ఒక సంవత్సరమంతా దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులో ఉండి డాక్టరు సీటు కోసం కోచింగు తీసుకొన్నది. ఫలితాలు వచ్చాయి. సీటు వచ్చే మార్కులు రాలేదు. ఫోనులో, "నాన్నా, ఇంకొక సంవత్సరం కోచింగు నాకు వద్దు. బి.ఎస్సీ.లో చేరి తరువాత సముద్ర జీవశాస్త్రం చదువుతాను" అన్నది. మా ఊళ్ళో నీళ్ళంటే చెరువు, బోరుబావి. సముద్రాన్ని నేను చూసింది సూర్యలంకలో ఒకే ఒక్కసారి. నాకు కోపం వచ్చింది. నచ్చజెప్పి మళ్ళీ కోచింగులో చేర్పించాలని, మొదటి వాయిదా డబ్బు జేబులో పెట్టుకొనే బయలుదేరాను.

ఎల్.బి. నగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్‌కు మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న మొదలైంది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటితే మూడవ స్టేషను. పైనుండి చూస్తే ఒక్కొక్క మేడకు పది పదిహేను బోర్డులు. అన్నీ కోచింగు బోర్డులు, హాస్టలు బోర్డులే. బాల్కనీల నిండా ఆరవేసిన బట్టలు. క్రింద చీరల దుకాణాలు, పుస్తకాల కొట్లు, మిర్చీ బజ్జీల బండ్లు. వీపున సంచీ వేసుకొని తల వంచుకొని నడిచిపోయే పిల్లలు. ప్రతి పిల్లవాని వెనుకా ఎక్కడో ఒక పల్లె, ఒక అప్పు కాగితం ఉంటాయి గదా అనుకొన్నాను. మా అమ్మాయి స్టేషను మెట్ల దగ్గర నిలబడి ఉన్నది. బాగా చిక్కిపోయింది. నాయనమ్మను పట్టుకొన్నది గాని నా ముఖం చూడలేదు.

పళ్ళ దవాఖానా రెండవ అంతస్తులో ఉన్నది. డాక్టరమ్మ రబ్బరు గిన్నెలో గులాబీ రంగు పొడి వేసి, నీళ్ళు పోసి గబగబ కలిపింది. చూస్తుండగానే అది ముద్ద అయింది. ఆ ముద్దను చిన్న ఇనుప పళ్ళెంలో పరచి అమ్మ నోట్లో పెట్టి, రెండు మూడు నిమిషాలు పట్టుకొన్నది. తీసి చూస్తే చిగుళ్ళ వంపులన్నీ అచ్చు గుద్దినట్లున్నాయి.

"ఏంది బిడ్డా ఇది? పిండి లెక్క పెట్టిండ్రు, రబ్బరు లెక్క వచ్చింది!" అన్నది అమ్మ నోరు కడుక్కొంటూ.

"అది సముద్రపు నాచు నాయనమ్మా" అన్నది మా అమ్మాయి.

నేను పరిహాసమనుకొన్నాను. కాని డాక్టరమ్మ నవ్వి, "అవునమ్మా, నిజమే" అన్నది. చల్లని సముద్రాలలో రాళ్ళను పట్టుకొని గోధుమ రంగు నాచు పెరుగుతుంది. దానిని కెల్ప్ అంటారు. దాని నుండి ఆల్జినేట్ అనే జిగురు పదార్థం తీస్తారు. దానిని మొదట కనుగొన్నది స్టాన్‌ఫర్డ్ అనే బ్రిటిషు రసాయన శాస్త్రవేత్త, 1881లో. ఆ జిగురు పొడిలో జిప్సం కలిపి ఉంచుతారు. నీళ్ళు తగలగానే రెండూ కలిసి గట్టిపడతాయి. నార్వే పడమటి తీరంలో ఈ నాచును పడవలతో కోసి తెస్తారు. ఐస్‌క్రీము చిక్కబడడానికి, గాయాలకు కట్టే కొన్ని రకాల కట్లకు, నూలు బట్టల మీద రంగుల అద్దకానికి కూడా ఇదే పదార్థం వాడతారు. అంటే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద అడుగడుగునా మనకు తెలియకుండానే సముద్రపు నాచు ఉన్నదన్నమాట.

అచ్చు చూసుకొని సాయంత్రం మళ్ళీ రమ్మన్నారు. అమ్మను హాస్టలు గదిలో పడుకోబెట్టాము. "నాన్నా, ఒక చోటు చూపిస్తాను, వస్తావా?" అని అడిగింది అమ్మాయి. ఇద్దరమూ ఎల్.బి. నగర్ వెనక్కు వచ్చి, నాగోలు మీదుగా ఉప్పల్ పోయే బస్సు ఎక్కాము. నేను మొదలుపెట్టవలసిన మాటలు మనసులో కూర్చుకొంటున్నాను. ఆమె ముందుగానే చెప్పసాగింది.

నార్వేకు ఉత్తరాన స్వాల్‌బార్డ్ అనే దీవులున్నాయి. అక్కడ నీ-ఆలెసుండ్ అనే చిన్న పరిశోధకుల ఊరు. అక్కడి నుండి ఉత్తర ధ్రువం సుమారు 1200 కిలోమీటర్లే. 2008 జూలై 1న మన దేశం అక్కడ 'హిమాద్రి' అనే పరిశోధన కేంద్రం తెరిచింది. దాని ముందరే కాంగ్స్‌ఫ్యోర్డెన్ అనే సముద్రపు పాయ కొండల మధ్యకు చొచ్చుకొని వస్తుంది. అక్టోబరు చివర అస్తమించిన సూర్యుడు మళ్ళీ ఫిబ్రవరి నడుమ దాకా పొడవడు. సముద్రపు నీరు ఉప్పునీరు గనుక సున్నా డిగ్రీల కంటే ఇంకా దిగువకు, దాదాపు మైనస్ 1.8 డిగ్రీలకు పోతే గాని గడ్డకట్టదు.

"అటువంటి చోట ఏం బ్రతుకుతుంది?" అన్నాను.

"అడవే ఉంది నాన్నా, నీళ్ళ క్రింద" అన్నది.

కెల్ప్‌కు వేరు లేదు, పువ్వు లేదు, గింజ లేదు. వేళ్ళ వంటి పట్టుతో రాతిని గట్టిగా పట్టుకొంటుంది. నారచీర వంటి పొడవాటి ఆకు నీటిలో ఊగుతుంటుంది. ఆ ఆకుల మీద నత్తలు, సన్నని రొయ్య వంటి పురుగులు, వల అల్లినట్లు అంటుకొనే అతి చిన్న ప్రాణుల గూళ్ళు. అడుగున నక్షత్ర చేపలు, ఒళ్ళంతా ముళ్ళతో బంతి వంటి ప్రాణులు. ఆ ముళ్ళ బంతులు మేకల మాదిరి నాచును మేస్తాయి. రాళ్ళ మీద పువ్వుల వలె విచ్చుకొని, దగ్గరకు వచ్చినదానిని పట్టి తినే ప్రాణులూ ఉన్నాయి. వాటిని సముద్రపు పువ్వులంటారు. ఒక్కదానికీ వెన్నెముక లేదు.

ఆర్కిటిక్‌కే ప్రత్యేకమైన ఒక రకం కెల్ప్ ఉన్నది. వేసవిలో వెలుతురున్నంత కాలం అది ఆహారం తయారు చేసి ఒంట్లో దాచుకొంటుంది. అప్పుడు పెద్దగా ఎదగదు. చలికాలం వచ్చి, పైన మంచు కప్పి, కటిక చీకటి అయిన తరువాత ఆ దాచుకొన్నదానితో కొత్త ఆకు వేస్తుంది. దాని ఏడాది పెరుగుదలలో ఎక్కువ భాగం చీకటిలోనే జరుగుతుంది. ఈ మాట చెప్పి ఆమె కిటికీ వైపు తిరిగింది. నేనేమీ అనలేదు. ఆ ఏడాది ఆమె గదిలో ఎలా గడిపిందో నేను ఒక్కసారైనా అడగలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఉప్పల్‌లో బస్సు మారి హబ్సిగూడ దగ్గర సి.సి.ఎం.బి. గేటు ముందు దిగాము. జీవకణాల మీద పరిశోధన జరిగే సంస్థ అది. ఎన్నోసార్లు ఆ రోడ్డున పోయాను గాని అది దేని కోసమో నాకు తెలియదు. 2007 ఆగస్టులో మన దేశం నుండి ఆర్కిటిక్‌కు వెళ్ళిన మొదటి బృందంలో ఈ సంస్థకు చెందిన డాక్టర్ ఎస్. శివాజీ ఉన్నారు. కాంగ్స్‌ఫ్యోర్డెన్ అడుగు బురదలో బ్రతికే సూక్ష్మజీవుల మీద వారి బృందం ఇక్కడ పరిశోధన చేసింది. చన్నీళ్ళలో కూడా చురుకుగా పనిచేసే ఎంజైములు వాటిలో ఉన్నాయేమోనని వెదికారు.

సూక్ష్మజీవులను పెంచే పాత్రలలో పరిచేదీ నాచు పదార్థమేనట. మన ఆడవారు జెల్లీకి వాడే చైనా గ్రాస్ అదే. మన రామనాథపురం తీరంలో దొరికే వెచ్చని సముద్రపు ఎర్ర నాచుల నుండి దానిని తీస్తారు. 1881లో జర్మనీలో ఒక వైద్యుని భార్య, ఫానీ హెస్సె, వంటింట్లో తాను వాడే ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో వాడి చూడమని భర్తకు చెప్పింది. ఆ సలహాతోనే సూక్ష్మజీవుల శాస్త్రం ఒక పెద్ద ఇబ్బంది దాటింది.

గేటు ఎదుట చెట్టు నీడన కూర్చొని నా అసలు ప్రశ్న అడిగాను. "అంతా బాగానే ఉన్నది తల్లీ. నాచును, నత్తలను చూస్తూ కూర్చుంటే ఎవరికేమి లాభం? నీకు అన్నం పెడుతుందా?"

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. తరువాత ఒక సంగతి చెప్పింది. స్వాల్‌బార్డ్‌లో కొందరు పరిశోధకులు 1980 నుండి 2010 దాకా ఏటేటా నీటి అడుగున అదే రాతి గోడను ఫోటో తీశారు. పదిహేనేళ్ళ పాటు పెద్ద మార్పు లేదు. కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లో 1995లో నాచు ఒక్కసారిగా అయిదు రెట్లయింది. ఇంకొక పాయలో 2000లో ఎనిమిది రెట్లయింది. సముద్రం వేడెక్కి మంచు తగ్గింది, వెలుతురు ఎక్కువ రోజులు లోపలికి దిగింది. నాచు పెరిగిన చోట మునుపటి ప్రాణుల లెక్కలు మారిపోయాయి. 2004లో అదే దీవులలో నల్లని ఆల్చిప్పలు కనబడ్డాయి. సుమారు వెయ్యేళ్ళుగా అవి అక్కడ లేవు.

"పైరు పెరిగితే మంచిదే గదా?" అన్నాను.

"మంచో చెడో ఒక్కమాటలో చెప్పలేం నాన్నా. కాని ఏటేటా పోయి చూసినవాళ్ళు ఉండబట్టే మారిందని తెలిసింది. చూసేవాళ్ళు లేకపోతే అదీ తెలియదు. ఆర్కిటిక్‌కూ మన వానలకూ సంబంధమేమిటో కూడా మనవాళ్ళు చూస్తున్నారు. 2014లో ఆ పాయలో 192 మీటర్ల లోతున మన దేశం పరికరాలు దించింది. ఆ పనిలో మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థకూ పాలున్నది."

ఇంకొకటి చెప్పింది. ఐస్‌లాండ్ ఉత్తర తీరంలో, ఆర్కిటిక్ అంచున, 2006లో ఒక గుల్లను పైకి తీశారు. చెట్టు మానులో వలయాల వలె దాని చిప్పలో ఏటికొక గీత ఉంటుంది. లెక్కిస్తే 507 గీతలు. అది పుట్టింది 1499లో. అప్పటికి శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కలేదు, హైదరాబాదు నగరమే లేదు. సముద్రం ఏ యేడు వెచ్చగా ఉన్నదో, ఏ యేడు చల్లగా ఉన్నదో ఆ గీతలను బట్టి శాస్త్రజ్ఞులు చదువుతారు.

గీతలనగానే నాకు మా నాయన జ్ఞాపకం వచ్చాడు. ఆయన చదువుకోలేదు. కాని బ్రతికినన్నాళ్ళు ఏటా వానలు వెనుకబట్టాక మా ఊరి చెరువు తూము రాతి మీద నీటి మట్టం దగ్గర ఒక గీత గీసేవాడు. "ఎందుకు నాయనా?" అంటే, "ఎవడో ఒకడు చూసి పెట్టాలె గదరా" అనేవాడు. అందరమూ నవ్వేవాళ్ళం. ఆ గీతలను బట్టే తరువాత ఊరివాళ్ళు ఏ యేడు వరి వేయాలో, ఏ యేడు జొన్నకు ఆగాలో లెక్క కట్టుకొన్నారు. ఆ మనుమరాలే ఇప్పుడు నా ప్రక్కన కూర్చున్నదని నాకు ఆలస్యంగా తెలిసింది.

"ఉద్యోగం తప్పక వస్తుందని చెప్పలేను నాన్నా" అన్నది ఆమె. అబద్ధం చెప్పలేదు. అది నాకు నచ్చింది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవుల మీద ప్రత్యేక విభాగమే ఉన్నదని, ముందు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రంతో డిగ్రీ మంచి మార్కులతో పూర్తి చేయాలని చెప్పింది. జేబులోని డబ్బు డిగ్రీ ఫీజుకు సరిపోతుందో లేదో ఇద్దరమూ అక్కడే కూర్చొని లెక్క వేసుకొన్నాము.

సాయంత్రం దవాఖానా పని ముగించుకొని మళ్ళీ ఎల్.బి. నగర్ చౌరస్తాకు వచ్చేసరికి దీపాలు వెలిగాయి. ఈసారి బస్సులో ముగ్గురము ఎక్కాము. చౌటుప్పల్ దాటక ముందే అమ్మాయి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. సంవత్సరంలో అంత నిద్ర పోయిందో లేదో!

ఇప్పుడు ఆమె నల్లగొండలో బి.ఎస్సీ. చదువుతున్నది. అమ్మకు పళ్ళు కుదిరాయి. మొదటి రోజే జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టించుకొని నమిలి తిన్నది. వాడకట్టు ఆడవాళ్ళకు, "నా నోట్లకు సముద్రం వచ్చిపోయింది" అని చెబుతుంది.

చదువరులారా, మీ పిల్లలు కూడా ఏ పట్నపు హాస్టలులోనో ఉండవచ్చు. ఫలితాలు వచ్చిన రోజున మార్కులు అడిగే ముందు, వారి ప్రక్కన బస్సులో ఒక గంట కూర్చోండి. వాళ్ళు ఏమి చూస్తున్నారో అడగండి. నేను ఆ మాట ఒక సంవత్సరం ఆలస్యంగా అడిగాను.