వైట్నర్ దిద్దిన ఓట్లు

2019 మే 21న మలావీలో అధ్యక్ష ఎన్నికలు జరిగేనాటికి నేను లిలాంగ్వే పాతబస్తీలో ఒక హోల్‌సేల్ కొట్టుకు లెక్కలు రాస్తున్నాను. పీటర్ ముతారికా 38.57 శాతంతో మళ్లీ గెలిచారన్నారు. లాజరస్ చక్వేరాకు 35.41 వచ్చాయన్నారు. అంతలోనే పట్టికల్లో అంకెల మీద వైట్నర్ పూసి దిద్దారన్న మాట ఊరంతా పాకింది. ఖాతా పుస్తకంలో అంకె తప్పితే గీత కొట్టి, పక్కన సరైనది వేసి సంతకం చేయాలని గుమస్తాకు మొదటిరోజే నేర్పుతారు. దేశాధ్యక్షుడి ఎన్నికకు ఆపాటి జాగ్రత్త లేదా అని మనసు మండింది.

తర్వాత నెలల తరబడి నిరసన ఊరేగింపులే. పిలుపు ఉన్న రోజు మా బజారంతా షట్టర్లు దించేసేది. కొన్ని కొట్లు లూటీ అయ్యాయి కూడా, ఆ భయం మాకూ ఉండేది. పోలీసులు బాష్పవాయువు వదిలితే తడిగుడ్డ ముక్కుకు అదుముకుని గోదాములో కూర్చునేవాళ్లం. సైనికులు మాత్రం జనం పక్కనే కాపుగా నడిచేవారు. కుర్రాళ్లు వాళ్లతో చేతులు కలపడం షట్టరు సందులోంచి నా కళ్లతో చూశాను.

అక్టోబరులో లిలాంగ్వేకు పడమరన ఉన్న మ్సుంద్వేలో అల్లరిమూక ఒక పోలీసును చంపింది. దానికి ప్రతీకారంగా పోలీసులు ఆ చుట్టుపక్కల పల్లెల మీద పడి ఆడవాళ్లను చెరిచారు. మానవ హక్కుల కమిషన్ విచారించి నిజమేనని తేల్చింది. 2020 ఆగస్టులో హైకోర్టు బాధితులకు పరిహారం ఇవ్వమంది. మలావీని గెలుపు కథగా చెప్పేవాళ్లు చాలామంది ఈ పల్లెల పేరెత్తరు. ఎత్తి తీరాలి.

2020 ఫిబ్రవరి 3న ఎన్నిక కేసులో తీర్పు. అయిదుగురు న్యాయమూర్తులు బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలు తొడుక్కుని సైన్యం కాపలాలో కోర్టుకు వచ్చారు. 500 పేజీల తీర్పు పొద్దున చదవడం మొదలుపెడితే సాయంత్రం దాకా సాగింది. మా గేటు కాపలాదారు స్టూలు మీద రేడియో పెట్టుకుని కదల్లేదు. తీర్పు ఇంగ్లీషులో. "ఏమంటున్నారు బ్వానా?" అని అడిగినప్పుడల్లా నాకొచ్చిన కాస్త చిచేవాలో చెప్పేవాణ్ణి. ఎన్నిక చెల్లదు, 150 రోజుల్లో మళ్లీ జరపాలి, గెలవాలంటే సగానికి పైగా ఓట్లు రావాలి. నేను చెప్పడం పూర్తయ్యాక ఆయన జేబులోంచి ఓటరు కార్డు తీశాడు. చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నాడు.

మళ్లీ ఎన్నికకు కొద్ది రోజుల ముందు ప్రభుత్వం ప్రధాన న్యాయమూర్తిని సెలవు మీద పంపబోయింది. లాయర్లు నల్లకోట్లతో వీధికెక్కారు. జూన్ 23న ఓటింగ్ జరిగితే చక్వేరా దాదాపు 59 శాతంతో గెలిచారు. కోర్టు కొట్టేసిన ఎన్నిక మళ్లీ జరిగి, గద్దె మీదున్నవాడు ఓడిపోవడం ఆఫ్రికాలో అదే మొదటిసారి.

ఆ సంబరం ధరల ముందు నిలవలేదు. 2023 నవంబరులో దేశ కరెన్సీ క్వాచా విలువను ఒక్కదెబ్బన 44 శాతం తగ్గించారు. పెట్రోలు బంకుల ముందు బారులు పెరిగాయి. 2025 సెప్టెంబరులో జనం అదే ముతారికాను, 85 ఏళ్ల వయసులో, 56 శాతానికి పైగా ఓట్లేసి తిరిగి తెచ్చుకున్నారు. అధికారికంగా ఫలితం ప్రకటించకముందే చక్వేరా ఓటమి ఒప్పుకున్నారు.